పిల్లలకి సేవ చేద్దామని విదేశం వెళ్తున్నారా? భయపడాల్సింది హోస్ట్ ఫ్యామిలీ గురించి కాదు

ఇవాళ్టి ఎపిసోడ్ ఒక ఫోన్ కాల్‌తో మొదలైంది. మా బంధువుల అమ్మాయి ఒకతి కాకినాడలో డిగ్రీ ఫైనలియర్ చదువుతోంది. పరీక్షలయ్యాక మూడు వారాలు నేపాల్ వెళ్ళి, పోఖరాలో ఒక అనాథాశ్రమంలో పిల్లలకి ఇంగ్లీషు చెప్పే ప్రోగ్రాం ఒకటి చూసుకుంది. ఉండడం అక్కడే ఒక కుటుంబంతో, వాళ్ళింట్లోనే. దాన్నే హోస్ట్ ఫ్యామిలీ అంటారు కదా. "అక్కా, అమ్మ ఒప్పుకోవట్లేదు, నువ్వొకసారి మాట్లాడవా" అని అడిగింది.

సరే అని పిన్నితో మాట్లాడాను. పిన్ని భయమంతా ఒకటే. "ముక్కూ మొహం తెలియని వాళ్ళింట్లో ఆడపిల్ల మూడు వారాలు ఎలా ఉంటుందే? తిండేంటి, బాత్రూమేంటి, ఆ ఇంట్లో మగాళ్ళెవరెవరు?" అని. మరి అనాథాశ్రమం సంగతేంటి పిన్నీ అంటే, "దానికేముందే, పుణ్యమే కదా" అంది.

పిన్ని అడిగినవన్నీ మంచి ప్రశ్నలే. కాకపోతే వాటిలో సగం ఆ ఇంటి గురించి కాకుండా ఆ ఆశ్రమం గురించి అడగాల్సినవి. ఈ మాట ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, 2013లో నేనూ అదే పని చేశాను కాబట్టి.

అప్పుడు నాకు ఇరవై రెండేళ్ళు. ఇంజనీరింగ్ అయిపోయింది, ఉద్యోగంలో చేరడానికి ఇంకా నాలుగు నెలలుంది. ఒక ఏజెన్సీకి డబ్బు కట్టి, ఢిల్లీ మీదుగా ఖాట్మండూ వెళ్ళాను. మనవాళ్ళకి నేపాల్‌కి వీసా అక్కర్లేదు, పాస్‌పోర్టో ఓటరు కార్డో ఉంటే చాలు. రూపాయికి అక్కడ ఒక రూపాయి అరవై పైసలు లెక్క. 1993 నుంచీ అదే రేటు. అందుకే మన కుర్రాళ్ళకి విదేశం అంటే మొదట నేపాలే గుర్తొస్తుంది.

నన్ను లలిత్‌పూర్‌లో ఒక ఇంట్లో పెట్టారు. ఆ ఇంటావిణ్ణి ఆమా అని పిలిచేదాన్ని, అంటే అమ్మ అనే. ఆయన్ని బువా. పొద్దున ఆ ఇంట్లోంచి పది నిమిషాలు నడిస్తే పిల్లల హోం. పద్దెనిమిది మంది పిల్లలు, అందరూ అనాథలే అని చెప్పారు. మొదటి రోజు గేటు తీయగానే ఐదారుగురు పరిగెత్తుకొచ్చి నా కాళ్ళు వాటేసుకున్నారు. ఒకమ్మాయైతే పేరు కూడా అడక్కుండా చంకనెక్కేసింది. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఎంత ప్రేమ ఈ పిల్లలకి అనుకున్నాను. ఆ రోజు తీసిన ఫొటోలు ఇప్పటికీ నా దగ్గరున్నాయి, ఎవరికీ చూపించను.

మూడో వారంలో ఒకరోజు బొమ్మలు వేయించాను. మీ ఇల్లు గియ్యండి అన్నాను. ఏడేళ్ళ వాడొకడు కొండ మీద ఇల్లు, పక్కన పొలం, ఒక నల్లమేక, ఇద్దరు మనుషుల్ని గీశాడు. ఎవర్రా వీళ్ళంటే బువా, ఆమా అన్నాడు. నేను పెద్ద ఓదార్చేదానిలాగా, ఆకాశంలో ఉన్నారా అని వచ్చీరాని నేపాలీలో అడిగాను. వాడు నన్ను వింతగా చూసి, "కాదు, గాఁవ్‌లో" అన్నాడు. ఊళ్ళో ఉన్నారట. వెంటనే తలుపు వైపు చూశాడు. చూసి, నల్ల క్రేయాన్ తీసుకుని ఆ ఇద్దరి మీదా గీతలు కొట్టేశాడు.

ఆ రాత్రి ఆమాతో చెప్పాను. ఆమె గిన్నెలు తోముతూనే ఉంది, ఆశ్చర్యపోలేదు. "మా వీధిలో అందరికీ తెలుసు నానీ. ఇదివరకు దశైంకి ఆ పిల్లల్లో కొంతమంది ఇళ్ళకి వెళ్ళొచ్చేవాళ్ళు. ఇప్పుడు పంపడం లేదు. దశైంకే కదా మీలాంటి వాళ్ళు ఎక్కువగా వచ్చేది" అంది. దశైం అంటే మన దసరానే. అక్టోబరు. నేపాల్‌కి టూరిస్టుల సీజన్ కూడా సరిగ్గా అదే. పండక్కి పిల్లాడు అమ్మ దగ్గరికి వెళ్ళిపోతే, డబ్బు కట్టి వచ్చిన నాకు ఎవరిని చూపిస్తారు?

ఇక్కడ కాస్త చరిత్ర చెప్పుకోవాలి. నేపాల్‌లో 1996 నుంచి 2006 వరకు మావోయిస్టులకీ ప్రభుత్వానికీ అంతర్యుద్ధం జరిగింది. హుమ్లా లాంటి మారుమూల కొండ జిల్లాల్లో పిల్లల్ని దళాల్లోకి తీసుకుపోతారన్న భయం ఉండేది. బడులు సరిగ్గా నడిచేవి కావు. అప్పుడు దళారులు ఊళ్ళలోకి వెళ్ళి, "మీ పిల్లాణ్ణి ఖాట్మండూలో మంచి బోర్డింగ్ స్కూల్లో వేస్తాం, క్షేమంగా ఉంటాడు" అని చెప్పి తల్లిదండ్రుల దగ్గరే డబ్బు తీసుకున్నారు. కొందరు పొలాలమ్మి ఇచ్చారు. తీరా పిల్లల్ని తెచ్చి హోముల్లో పడేసి, కాగితాల మీద అనాథలని రాసేశారు. అంటే ఇటు తల్లిదండ్రుల దగ్గరా డబ్బే, అటు విదేశాల నుంచి వచ్చే దాతల దగ్గరా డబ్బే.

ఇది బయటి ప్రపంచానికి తెలియడంలో కానర్ గ్రెనన్ అనే అమెరికన్ పాత్ర ఉంది. ఆయన కూడా నాలాగే వాలంటీరుగా వెళ్ళాడు, 2004లో, ఖాట్మండూ లోయలోనే ఒక పిల్లల హోంకి. అక్కడ అనాథలనుకున్న పిల్లలకి తల్లిదండ్రులున్నారని తెలిసి, తర్వాత కాలినడకన హుమ్లా కొండలెక్కి ఒక్కొక్క కుటుంబాన్నీ వెతికాడు. నెక్స్ట్ జనరేషన్ నేపాల్ అని సంస్థ పెట్టాడు. 2011లో 'లిటిల్ ప్రిన్సెస్' అనే పుస్తకం రాశాడు. నేను వెళ్ళింది 2013లో. అంటే పుస్తకం వచ్చిన రెండేళ్ళకి. చదివి ఉండొచ్చు కదా? చదవలేదు. ఏ జాకెట్ కొనుక్కోవాలో మాత్రం నెల రోజులు వెతికాను.

ఇంకో సంగతి గమనించండి. నేపాల్‌లో అప్పుడు 75 జిల్లాలుండేవి. పిల్లల హోముల్లో అత్యధిక భాగం ఖాట్మండూ, లలిత్‌పూర్, భక్తపూర్, కాస్కీ, చిత్వన్ అనే ఐదు జిల్లాల్లోనే. పోఖరా ఉన్నది కాస్కీలో. చిత్వన్ అంటే ఖడ్గమృగాల సఫారీ. పేదరికం ఎక్కువున్న చోట అనాథాశ్రమాలు లేవు, హోటళ్ళున్న చోట ఉన్నాయి. ఈ ఒక్క ముక్క తెలిస్తే చాలు, మిగతాది ఎవరైనా ఊహించుకోగలరు.

నేపాల్ ఒక్కటే కాదు. కంబోడియాలో 2005 నుంచి 2010 మధ్య అనాథాశ్రమాల సంఖ్య 75 శాతం పెరిగింది. ఆ దేశంలో ఆ ఐదేళ్ళలో అంతర్యుద్ధమేమీ లేదు. పెరిగింది టూరిజం. అక్కడి ఆశ్రమాల్లో ఉన్న పిల్లల్లో నాలుగింట మూడు వంతుల మందికి తల్లో తండ్రో బతికే ఉన్నారని తేలింది. చివరికి ఆస్ట్రేలియా 2018లో ఆధునిక బానిసత్వం మీద చట్టం చేసేటప్పుడు, ఆశ్రమాలు నింపడం కోసం పిల్లల్ని తరలించడాన్ని కూడా అందులోకే తెచ్చి మాట్లాడింది. నాలాంటి వాలంటీర్లు ఎక్కువగా బయల్దేరే దేశాల్లో అదొకటి మరి.

సరే, ఇప్పుడు మీరడుగుతారు. "అన్ని హోములూ దొంగవేనా? నిజంగా ఎవరూ లేని పిల్లలుండరా?" అని. ఉంటారండీ. బాగా నడిపేవాళ్ళూ ఉన్నారు. కానీ మంచి హోం అయినా సరే, మూడు వారాల వాలంటీరు పిల్లలకి మేలు కాదు. ఎందుకో చెప్తాను.

గేటు దగ్గర నన్ను వాటేసుకున్న పిల్లలు గుర్తున్నారా? దాన్ని నేను ప్రేమ అనుకున్నాను. మన ఇంట్లో పిల్లల్ని చూడండి. కొత్తవాళ్ళొస్తే అమ్మ చీర కొంగు వెనక్కి పోతారు, తొంగి చూస్తారు, గంట తర్వాత గానీ దగ్గరికి రారు. అది ఆరోగ్యం. కొత్త, పాత తేడా లేకుండా ఎవరొస్తే వాళ్ళ చంకనెక్కే పిల్లల్ని చూస్తే డాక్టర్లు సంతోషించరు, కంగారుపడతారు. రుమేనియాలో చౌషెస్కూ కాలం నుంచీ పెద్ద పెద్ద అనాథాశ్రమాలుండేవి. 2000లో అమెరికన్ శాస్త్రవేత్తలు బుఖారెస్ట్‌లో 136 మంది పసిపిల్లల మీద అధ్యయనం మొదలుపెట్టారు. సగం మందిని పెంపుడు కుటుంబాల్లోకి పంపారు, మిగతావాళ్ళకి ఆశ్రమాల్లోనే ఎప్పట్లా సాగింది. కుటుంబాల్లోకి వెళ్ళినవాళ్ళు, ముఖ్యంగా రెండేళ్ళు నిండకముందే వెళ్ళినవాళ్ళు, బాగా కోలుకున్నారు. ఆశ్రమాల్లో ఉండిపోయిన పిల్లల్లో తెలివితేటలూ తగ్గాయి, ఎవరు తనవాళ్ళో ఎవరు కాదో తేల్చుకునే శక్తీ దెబ్బతింది.

అలాంటి పిల్లాడి దగ్గరికి నేను వెళ్ళి, మూడు వారాలు ఎత్తుకుని, అన్నం తినిపించి, చెయ్యూపి వచ్చేస్తాను. నా తర్వాత ఒక ఫ్రెంచమ్మాయి. ఆమె తర్వాత ఒక కొరియన్ కుర్రాడు. ఏడాదికి పదిహేను ఇరవై మంది వదిలేసి వెళ్ళిపోవడం అన్నమాట. మనకి అది ఒక్క వీడ్కోలు, వాడికి ఇరవయ్యోది.

నేను ఆ హోం మానేశాను. ఏజెన్సీ వాళ్ళకి చెప్తే, "మీకు నచ్చకపోతే వేరే చోటికి మారుస్తాం మేడం" అన్నారు, హోటల్ గది మార్చినట్టు. పిల్లల హెల్ప్‌లైన్ నంబరు నేపాల్‌లో కూడా మనలాగే 1098 అని నాకప్పుడు తెలీదు. అడిగి తెలుసుకోవచ్చు కదా అంటే, అవును, తెలుసుకోవచ్చు. ఎవరికీ ఫిర్యాదు చెయ్యలేదు. మిగిలిన రోజులు పాడవకుండా చూసుకుందామనుకున్నాను, అంతే. ఆ నల్లమేక గీసిన పిల్లాడు ఏమయ్యాడో నాకు తెలీదు.

మిగిలిన ఐదు వారాలు మాత్రం ఎలా గడిచాయో చెప్పాలి, ఎందుకంటే పిన్ని భయపడిన హోస్ట్ ఫ్యామిలీ అసలు కథ అక్కడే ఉంది. ఆమా చెల్లెలు దగ్గర్లో ఒక ప్రభుత్వ బళ్ళో టీచరు. ఆవిడ నన్ను హెడ్మాస్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. ఆయన ఒకటే మాటన్నాడు: "మీరు పాఠం చెప్పొద్దు. మా ఇంగ్లీషు టీచరుకి సాయం చెయ్యండి." అప్పుడు నాకు కొంచెం అవమానంగా అనిపించింది. ఇంజనీరింగ్ చదివినదాన్ని కదా! (నవ్వు) కానీ ఆలోచిస్తే ఆయన చెప్పిందే సరైనది. నేను పాఠం మొదలుపెట్టి మధ్యలో వెళ్ళిపోతే, ఆ పాఠం ఎవరు పూర్తి చేస్తారు? పైగా జీతం లేకుండా పనిచేసే వాలంటీరు ఎప్పుడూ దొరుకుతుంటే, ఆ ఊరి కుర్రాడికి ఆ టీచరు ఉద్యోగం ఎవరిస్తారు? అందుకని నేను నోటు పుస్తకాలు దిద్దాను. చదవలేని నలుగురిని పక్కన కూర్చోబెట్టుకుని అక్షరాలు చదివించాను. టీచరుగారు ఇంగ్లీషులో మాట్లాడ్డానికి మొహమాటపడేవారు, సాయంత్రాలు ఆయనతోనే గంటసేపు ఇంగ్లీషులో కబుర్లు చెప్పేదాన్ని. నేను చేసిన వాటిలో నిలిచింది ఏదైనా ఉంటే ఆ కబుర్లే. పిల్లలు నన్ను మరిచిపోయి ఉంటారు, మరిచిపోవాలి కూడా. సాయంత్రం కాగానే వాళ్ళు వాళ్ళ అమ్మల దగ్గరికి వెళ్ళిపోయేవాళ్ళు, నేను ఆమా దగ్గరికి వచ్చేసేదాన్ని.

ఇక ఆ ఇల్లు. పొద్దున లేవగానే పాలు పోసిన టీ. పది గంటలకి దాల్, భాత్, తర్కారీ. రాత్రి ఏడింటికి మళ్ళీ దాల్, భాత్, తర్కారీ. పప్పూ అన్నం కూరే కదా, మనకి కొత్తేముంది అనుకున్నాను. నాలుగో రోజుకి పచ్చిమిరపకాయ కోసం ప్రాణం లేచిపోయింది. నేను పట్టుకెళ్ళిన గోంగూర పచ్చడి తీశాను. ఆమా ముల్లంగితో పెట్టిన ఊరగాయ తీసింది. బువాకి గోంగూర ఎంత నచ్చిందంటే, రెండు వారాల్లో సీసా ఖాళీ.

నాతోపాటు అదే ఇంట్లో ఐరోపా నుంచి వచ్చిన ఒకమ్మాయి ఉండేది. ఆమెకి ఒక విషయం ఎంత చెప్పినా అర్థమయ్యేది కాదు, నాకు చెప్పకుండానే తెలిసిపోయింది. అదేంటంటే ఎంగిలి. వాళ్ళు జూఠో అంటారు. తిన్న చెంచా గిన్నెలో పెట్టకూడదు, నీళ్ళ సీసా ఎత్తి తాగాలి. ఆ అమ్మాయి ఒకసారి ప్రేమగా, తన పళ్ళెంలో కూర తీసి ఆమా పళ్ళెంలో వేసింది. ఆమా ఏమీ అనలేదు, నవ్వింది. కానీ ఆ పూట ఇక తినలేదు. మనవాళ్ళకి ఇక్కడ ఒక సౌకర్యం ఉంది, ఒక ప్రమాదమూ ఉంది. ఎంగిలి తెలుసు, చెప్పులు బయట విప్పాలని తెలుసు, పెద్దవాళ్ళని పేరు పెట్టి పిలవకూడదని తెలుసు, చిన్నపిల్లల్ని నానీ అనడం కూడా మనదే అనిపిస్తుంది. దాంతో అన్నీ తెలుసనుకుంటాం. నేను అడక్కుండా నేరుగా వంటింట్లోకి వెళ్ళిపోయాను, సాయం చేద్దామని. ఆమా మొహం మారిపోయింది. పొయ్యి దగ్గరికి స్నానం చెయ్యకుండా రాకూడదట. మా నానమ్మ కూడా అంతే కదా అని తర్వాత గుర్తొచ్చింది.

ఏజెన్సీకి నేను కట్టిన డబ్బులో ఆమాకి ఎంత చేరుతోందో నాలుగో వారంలో గానీ అడగలేదు. మూడో వంతు కూడా కాదు. రెండు పూటలా తిండి, గది, బకెట్టు వేడినీళ్ళు అన్నీ ఆమె ఇస్తే, ఒక ఈమెయిలు పంపినవాళ్ళకి మిగతాదంతా. కానీ ఆమా నాకు ఏమిచ్చిందో చూడండి. ఆ హోం గురించి నిజం చెప్పింది ఆమె. బడి చూపించింది ఆమె చెల్లెలు. దశైం రోజు బియ్యం, పెరుగు, కుంకుమ కలిపిన టీకా నా నుదుటన పెట్టి, చేతిలో దక్షిణ పెట్టి దీవించింది ఆమే. ఊరికి కొత్తవాళ్ళకి ఊరి సంగతులు చెప్పే మనిషి కావాలి. ఆ మనిషి హోస్ట్ ఫ్యామిలీలోనే దొరుకుతుంది, హాస్టల్లో ఉంటే దొరకదు. అందుకే మూడు వారాల ప్రోగ్రాముల్లో హోంస్టే తీసేసి హాస్టల్ పెట్టమని అడిగేవాళ్ళని చూస్తే నాకు భయం.

2015 ఏప్రిల్ 25న నేపాల్‌లో 7.8 తీవ్రతతో భూకంపం వచ్చింది, దాదాపు తొమ్మిది వేల మంది చనిపోయారు. అప్పుడు ప్రపంచమంతా సేవ చెయ్యడానికి బయల్దేరుతుంటే, నేపాల్ ప్రభుత్వం చేసిన పనుల్లో ఒకటేంటో తెలుసా? తల్లిదండ్రులు గానీ ఆమోదం ఉన్న సంరక్షకులు గానీ లేకుండా పిల్లల్ని జిల్లా దాటించకూడదని ఆంక్ష పెట్టింది. కొత్త పిల్లల హోముల రిజిస్ట్రేషన్ ఆపేసింది. ఆ ఇద్దరినీ గీతలు కొట్టేసిన క్రేయాన్ నాకు అప్పుడు మళ్ళీ గుర్తొచ్చింది.

మరి మా కాకినాడ అమ్మాయికి ఏం చెప్పాను? వెళ్ళొద్దనలేదు. ఆ ప్రోగ్రాం వాళ్ళకి ఫోన్ చేసి కొన్ని అడగమన్నాను. పిల్లల దగ్గరికి పంపేముందు నా దగ్గర పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్ అడుగుతారా? మన పాస్‌పోర్టు ఆఫీసులోనే ఇస్తారు అది. అడక్కపోతే, నాలాగే ఎవరైనా, ఎలాంటివాడైనా ఆ పిల్లల గదిలోకి వెళ్ళగలడని అర్థం. పిన్ని "మగాళ్ళెవరెవరు" అని అడిగింది చూశారా, ఆ ప్రశ్న అడగాల్సింది ఇక్కడ. ఆ పిల్లల తల్లిదండ్రులు ఎక్కడున్నారు, కిందటేడాది ఎంతమంది పిల్లలు తిరిగి ఇంటికి చేరారు? నేను లేనప్పుడు ఆ పని ఎవరు చేస్తారు? నా డబ్బులో ఇంటివాళ్ళకెంత? పిల్లల ఫొటోలు తీసుకోవచ్చా? ఈ ఆఖరి దానికి "ఎన్నైనా తీసుకోండి" అంటే, అక్కడితో ఫోన్ పెట్టెయ్యమన్నాను.

మొన్న మళ్ళీ ఫోన్ చేసింది. సర్టిఫికెట్ అక్కర్లేదన్నారట. తల్లిదండ్రుల సంగతి అడిగితే "అవి రహస్య వివరాలు" అన్నారట. ఫొటోలు మాత్రం ఎన్నైనా తీసుకోవచ్చట, పైగా మంచివి పంపితే వాళ్ళ పేజీలో పెడతారట.

"ఇప్పుడేం చెయ్యనక్కా?" అంది. డబ్బు కట్టొద్దన్నాను. ఆమా చెల్లెలు ఇంకా ఆ బళ్ళోనే పనిచేస్తోంది, దశైంకి మేమిద్దరం ఇప్పటికీ ఫోన్లో మాట్లాడుకుంటాం. ఆవిణ్ణి అడుగుతానన్నాను. అడిగాను కూడా. ఆవిడ, "రానీ, కానీ మూడు వారాలైతే వద్దు, కనీసం రెండు నెలలుండాలి. పరీక్షల టైంలో రాకూడదు. పాఠం తను చెప్పకూడదు" అంది. ఇంకో షరతు కూడా పెట్టింది, అది ఆమాది: గోంగూర పచ్చడి రెండు సీసాలు.

పిన్నికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు. రెండు నెలలంటే ఏమంటుందో చూడాలి.